లెస్టర్ ఎత్తిన జెండా

లెస్టర్ బ్రామ్వెల్ మా ల్యాప్‌వింగ్స్ క్లబ్బులో ఇరవై ఆరేళ్ళుగా ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. ఆడుతున్నాడని మర్యాదకి అంటున్నాను. వయసు యాభై తొమ్మిది, మోకాళ్ళు రెండూ ఎప్పుడో చేతులెత్తేశాయి. వారమంతా తూర్పు లండన్‌లోని లేటన్ రోడ్ల మీద డబుల్ డెక్కర్ బస్సు నడుపుతాడు. ఆదివారం పొద్దున్నే లీ నది పక్కనున్న మైదానానికి మాకంటే ముందే వచ్చి వలలు కడతాడు, గడ్డిలో కుక్కల పెంట ఎత్తిపోస్తాడు, ఆ తర్వాత జెండా పట్టుకుని చలిలో గీత వెంట అటూ ఇటూ నడుస్తాడు.

మా స్థాయి ఆటలకి లైన్స్‌మన్‌లను ఎవరూ పంపరు. వచ్చేది ఒక్క రిఫరీ. గీత దగ్గర జెండా పట్టడానికి ప్రతి జట్టూ బెంచీ మీదున్న తన మనిషినొకణ్ణి ఇవ్వాలి. సొంతవాడు కనుక ఆ చేతికి కాస్త బద్ధకం ఉండటం మామూలే. బంతి ఇంకా రాకముందే మనవాడు ఎదుటి ఆటగాళ్ళని దాటి గోలు వైపు ముందుకెళ్ళి ఆఫ్‌సైడ్‌లో పడితే సరిగ్గా అప్పుడే జెండా పట్టినవాడి బూటు లేసు ఊడిపోతుంది. ఎదుటివాళ్ళ లేసులూ ఊడతాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. లెస్టర్ లేసు మాత్రం ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారీ ఊడలేదు. ఈ విషయంలో ఆయన మీద నాకు ఒళ్ళుమండేది.

లెస్టర్ భర్త నోయెల్ పియానోలు శ్రుతి చేస్తాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో అతను ఒక్క మ్యాచ్‌కీ రాలేదు. చిన్నప్పుడు బళ్ళో మగపిల్లలు అతన్ని గోడకి నిలబెట్టి బంతులతో కొట్టేవాళ్ళట. ఆటల మాస్టారు ఈల నోట్లో పెట్టుకుని చూస్తూ ఉండేవాడట, ఊదేవాడు కాదట. అందుకే లెస్టర్ బూట్లు ఇంట్లోకి రాకుండా పెరట్లో షెడ్డులోనే ఉంటాయి. లెస్టర్‌కి మాత్రం ఒక్కటే కోరిక, తాను ఆడుతుండగా నోయెల్ ఒక్కసారి చూడాలని.

మాలాంటి గే, లెస్బియన్ క్లబ్బుల అంతర్జాతీయ టోర్నమెంటు ఆ ఏడాది లండన్‌లోనే జరిగింది. లెస్టర్ బతిమాలాడు. నువ్వు ఆడితే వస్తాను, జెండా మోస్తుంటే చూడ్డానికి రానన్నాడు నోయెల్. లెస్టర్ ఆ మాట మా కెప్టెన్ గారెత్‌కి చెప్పుకున్నాడు. గారెత్ ఆసుపత్రిలో నర్సు, జాలిగుండె. అయినా గెలవాలన్న యావ తక్కువేం కాదు. సెమీఫైనల్‌కి వెళ్తే పది నిమిషాలు మైదానంలోకి దింపుతానన్నాడు.

శుక్రవారం హాంబర్గ్ జట్టుతో క్వార్టర్‌ఫైనల్. లెస్టర్ మోకాలి పట్టీ ఇంట్లో మరిచిపోతే ఇవ్వడానికి వచ్చిన నోయెల్ వెనక్కి వెళ్ళకుండా, గొడుగు పట్టుకుని గీత పక్కనే నిలబడిపోయాడు. రిఫరీ లెస్టర్‌ని హాంబర్గ్ గోలు వైపు పెట్టాడు. స్కోరు ఒకటి-ఒకటి. ఇంకో రెండు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా గారెత్ పొడుగ్గా పంపిన బంతి నాకు అందింది. నేను కొట్టాను. వల కదిలింది. చొక్కా విప్పి పరిగెత్తాను. వెనక్కి చూస్తే లెస్టర్ జెండా నిటారుగా లేచి ఉంది.

గోలు పోయింది. హాంబర్గ్ వాళ్ళు ఆ ఆఫ్‌సైడ్‌కి దక్కిన ఫ్రీ కిక్ నుంచే ముందుకొచ్చి గోలు కొట్టేశారు. రెండు-ఒకటి. ఈల. సెమీఫైనల్ లేదు, లెస్టర్ పది నిమిషాలూ లేవు.

నేను నేరుగా ఆయన మీదికి వెళ్ళాను. అన్న మాటలన్నీ రాయలేను. రాయదగింది ఒక్కటే.

"ఎవరి బస్సు నడుపుతున్నావయ్యా నువ్వు?"

"నువ్వు ముందున్నావు, రీస్," అన్నాడు లెస్టర్. జెండా చుట్టుకుంటూ నిలబడ్డాడు. మా పదిమందీ ఆయన్ని చూడకుండా బూట్లు విప్పుకున్నారు. గారెత్ కూడా చూడలేదు.

నోయెల్ గొడుగు మూసి నా దగ్గరికి వచ్చాడు.

"నాకీ ఆట తెలీదు. ఒక్కటే అడుగుతా. నువ్వు ముందున్నావా?"

అబద్ధమాడితే సరిపోయేది, నన్ను పట్టించే వీడియో కూడా ఎవరూ తియ్యలేదు. కానీ నాకు తెలుసు. బంతి నాకు వదిలినప్పుడే తెలుసు.

"ఉన్నాను," అన్నాను. "గజం పైనే."

నోయెల్ గొడుగు చంకలో పెట్టుకున్నాడు. "మా బళ్ళో అందరూ చూశారు. ఒక్కడు కూడా చూశాననలేదు," అన్నాడు. తర్వాత వెళ్ళి లెస్టర్ చేతిలోని సంచీ అందుకున్నాడు. ఆ మాట విన్నాక నాకు సిగ్గేసింది. గారెత్‌కి ఇంకా ఎక్కువ వేసినట్టుంది, ఆ సాయంత్రమే లెస్టర్ ఇంటికి ఫోన్ చేశాడు.

శనివారం ఐదో స్థానం కోసం మాంట్రియల్ వాళ్ళతో మ్యాచ్. గెలిచినా కప్పు లేని ఆట. గారెత్ నా చేతికి జెండా ఇచ్చి, "నువ్వు పట్టుకోరా ఇవాళ," అన్నాడు. రెండో సగం మొదలవగానే లెస్టర్‌ని దింపాడు.

లెస్టర్ బంతిని ఆరుసార్లు తాకాడు. నాలుగుసార్లు మాంట్రియల్ వాళ్ళకే ఇచ్చాడు. ఒకసారి తన బూటు తానే తొక్కుకుని పడ్డాడు. నోయెల్ నా పక్కనే నడుస్తూ ప్రతిదానికీ చప్పట్లు కొట్టాడు, పడినదానికి కూడా. రిఫరీ మీద రెండుసార్లు అరిచాడు, రెండుసార్లూ రిఫరీదే న్యాయం.

చివర్లో గారెత్ పొడుగ్గా ఒకటి లేపాడు. బంతి వెళ్ళి లెస్టర్ ముందు పడింది. ఆయన కళ్ళు మూసుకుని కొట్టినట్టున్నాడు, గోల్‌కీపర్ కాళ్ళ మధ్య నుంచి దొర్లుకుంటూ వలలోకి పోయింది. క్లబ్బులో ఆయన కొట్టిన మొట్టమొదటి గోలు. మావాళ్ళంతా మీదపడ్డారు. నోయెల్ నా భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు.

లెస్టర్ వాళ్ళ మధ్య నుంచి తల బయటికి పెట్టి నావైపు చూశాడు.

గారెత్ బంతి లేపినప్పుడు ఆయన ముందున్నాడు. అడుగు కంటే ఎక్కువ కాదు, కానీ ముందున్నాడు. బూటు లేసు వైపు చూద్దామా అని నిజంగానే అనిపించింది. జెండా ఎత్తాను.

"అది లెక్కలోకి రాదా?" అన్నాడు నోయెల్.

"రాదు."

"కచ్చితంగా చూశావా?"

"చూశాను."

లెస్టర్ నావైపు బొటనవేలు పైకెత్తి చూపించి, నవ్వుకుంటూ మధ్యగీత వైపు నడవడం మొదలుపెట్టాడు. ఆయన అక్కడికి చేరేదాకా నోయెల్ చప్పట్లు ఆపలేదు. ఆ మోకాళ్ళతో చేరడానికి చాలాసేపే పట్టింది.