ఏడో నంబరు లిల్లీ

గోదావరిఖని కాలనీలో, క్వార్టరు ముందటి లిల్లీ మడిలో, లింగమూర్తి కార్తీకం నుంచి నీళ్లు పోసి పెంచిన ఏడో నంబరు లిల్లీకి మాఘంలో ఉల్లిపువ్వు పూసింది.

అది ఉల్లిపువ్వని ఆయనకు వెంటనే తట్టలేదు. తెల్లటి బంతిలా ఉందని మురిసిపోయి పక్క క్వార్టరు రఘుపతిని పిలిచి చూపించాడు. బయటి దేశపు జాతి అయ్యుంటుందని కూడా చెప్పాడు. రఘుపతి వంగి, ఆకు కొస తుంచి వాసన చూశాడు. మర్యాదస్తుడు గనుక, పచ్చిపులుసులోకి బాగుంటుందని మాత్రం అని వెళ్లిపోయాడు.

కాలనీ అంతా నవ్వింది. లింగమూర్తి భార్య సారక్క ఒక్కతే నవ్వలేదు.

కార్తీకంలో ఆమె పెళ్లికని శ్రీరాంపూర్ పోయినప్పుడు మురుగు మోరీ తవ్వేవాళ్లు వస్తున్నారని తెలిసి, లింగమూర్తి లిల్లీ గడ్డలన్నీ పైకి తీశాడు. గని లాంపు రూంలో ఏళ్ల తరబడి దీపాలు తుడిచి వరుసగా పెట్టిన చెయ్యి అది, మట్టిగడ్డలను మట్టితో ఉండనిస్తుందా? ఆకులు కత్తిరించి, పొట్టు ఒలిచి, నిగనిగలాడేలా తుడిచి, వంటింట్లో ఉల్లిగడ్డల బుట్టలోనే ఆరబెట్టాడు. తర్వాత నాటి, గనిలోకి దిగేవాళ్లకు ఉన్నట్టే ఒక్కోదాని పక్క పుల్లకు ఒక నంబరు బిళ్ల కట్టాడు.

సారక్కకు బిళ్లలతో పనిలేదు. ఎర్ర లిల్లీ, బంతి లిల్లీ, వాన లిల్లీ, దేన్నయినా ఆకు చూసి చెప్పేస్తుంది. ఏడో చోట ఉండవలసింది ఆమె తల్లి బట్టలుతికే జాలారు బండ పక్కన పెంచిన లిల్లీ. తెల్లటి రేకులు, ప్రతి రేకు నడుమ కుంకుమ గీత, పొద్దుగూకితే వాసన. ఆ తల్లిగారి ఊరు ఓపెన్‌కాస్టు గనిలో కలిసిపోయింది. ఇప్పుడక్కడ లోతే తప్ప నేల లేదు. ఊరు ఖాళీ చేసిననాడు అందరూ దూలాలూ దర్వాజలూ ట్రాక్టర్లకు ఎక్కించుకుంటుంటే, సారక్క ఈ ఒక్క గడ్డను కొంగున ముడేసుకుని వచ్చింది.

"మరి మా అవ్వ గడ్డేది?" అని ఒక్కసారే అడిగింది.

లింగమూర్తి ఆ మధ్య తిన్న కూరలన్నీ తలచుకున్నాడు. ఎవరికీ వాంతులు కాలేదని ధైర్యం చెప్పబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. వెనక లైను షహజాదీ బేగం చేబదులు అడిగితే, ఆ బుట్టలోంచి దోసెడు ఉల్లిగడ్డలు తీసిచ్చింది తనే.

సారక్క వెళ్లి అడిగితే బేగం సిగ్గుపడింది. ఒక గడ్డ తల కోస్తే కంట్లో నీళ్లు రాలేదట, జిగురు కారిందట.

"ఖరాబ్ ఉల్లిగడ్డ ఇచ్చిన్రని ఎట్ల చెప్పాలె అక్కా? నువ్వు ఫికర్ చేస్తవని నల్లా కాడ పారేసిన."

వెనక లైను నీళ్ల నల్లా పక్కన బొగ్గుదుమ్ము కప్పుకుని నాలుగు వెడల్పాటి ఆకులున్నాయి. ఆకు ఆ జాతిదే. కానీ ఉత్త తెల్ల లిల్లీకీ అదే ఆకు. కాలనీలో నల్లాకొకటి ఉంటుంది. గీత ఉందో లేదో పువ్వే చెప్పాలి. తల తెగిన గడ్డ పూస్తుందో లేదో ఎవరు చెప్పాలి?

ఎండాకాలమంతా సారక్క సాయంత్రం పూట వెళ్లి, తడిగుడ్డతో ఆ ఆకుల దుమ్ము తుడిచి వచ్చేది. పసిపిల్ల ముఖం తుడిచినట్టు తుడుస్తోందని బేగం ఆటపట్టించేది. మృగశిర వానకు కాడ లేచింది. వారానికి, పొద్దుగూకే వేళ మొగ్గ విచ్చింది. కుంకుమ గీత ఉంది. సారక్క చీకటి పడేదాకా నల్లా గద్దె మీద కూర్చునే ఉంది. ఆ వాసనలో ఎవరో బండ మీద బట్టలుతుకుతున్నట్టే ఉంది ఆమెకు.

పువ్వు వాడిపోయినా ఆమె పోవడం మానలేదు. లింగమూర్తి ఉల్లిని పీకేసి, ఏడో చోట గుంత తీసి, పశువులెరువు వేసి, బిళ్ల తుడిచి సిద్ధంగా ఉంచాడు. వారమైనా అది ఖాళీగానే వేలాడుతుంటే ఇక ఉండబట్టలేకపోయాడు.

"గడ్డ మనదే, జాగ మనదే. తవ్వుకొచ్చి పెట్టుకుంటె అయిపాయె. దినాం పొద్దుగూకంగనే నాకు చాయ్ లేకుండ జేసి ఆడికి పోవుడేంది?"

సారక్క చెప్పులేసుకుంటూ అంది.

"తల్లిగారింటికి పోవాల్నంటె గడప దాటాలె గద."