ఒకవైపే అరిగిన టైరు

ఇవాళ దిల్‌సుఖ్‌నగర్‌లో లోపలివైపు మాత్రమే అరిగిన టైరు చూశాను. తెలంగాణ ఉద్యమం రోజులు గుర్తొచ్చాయి. మా ఈడు వాళ్లకు గుర్తుందా, బందులతో సగం రోజులు బడే ఉండేది కాదు!

ఎల్‌బీ నగర్‌లో మా నాయినది వీల్ అలైన్‌మెంట్ షాపు. పక్కింటి శిరీష నాకున్న ఒక్కగానొక్క స్నేహితురాలు. గొడవలకు భయపడి వాళ్లు విజయవాడ వెళ్లిపోతూ, ముందుగా కారు తెచ్చారు.

"స్టీరింగ్ ఎడమకి లాగేస్తోందండీ. టైరు కూడా ఒకవైపే అరిగింది," అన్నారు వాళ్ల నాన్న.

నేను నాయిన చెవిలో అన్నాను: "బాగ జెయ్యకు నాయినా. గిట్లనే ఉంటే ఆళ్లు పోరు."

"తప్పు బిడ్డా. దూరం పొయ్యే బండి. నీ దోస్తు గూడ అండ్లనే కూసుంటది," అని చక్రాలు సరిచేసి, టైరు మార్చి పంపాడు.

ఆ తర్వాత చాలా రోజులు అరుగు మీద అష్టాచెమ్మా గీసుకుని, శిరీష వంతు గవ్వలు కూడా నేనే వేసేదాన్ని.