మీటింగ్‌లో నా మీద కొట్టిన గంట

నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే మా కోడలు శిరీష టైప్ చేస్తోంది. ఒక్క ముక్క మార్చినా ఊరుకోనని ముందే చెప్పాను.

మా మనవరాలు హాసిని ఇక్కడ అమెరికాలో, సర్కారు డబ్బుతో నడిచే చార్టర్ స్కూల్లో ఒకటో క్లాసు. చదువులు బాగుపడాలని ఈ ఏడు లంచ్ టైం పావుగంటకి తగ్గించారు. చేతులు కడిగి బాక్స్ మూత తీసేసరికే ఆ పావుగంటలో సగం అయిపోతుంది. పిల్ల రోజూ అన్నం వెనక్కి తెస్తోంది. ఈ సాయంత్రం స్కూల్ బోర్డు మీటింగ్ ఉంటే నేనూ వెళ్లి మైక్ పట్టుకున్నాను. ఎవరైనా మాట్లాడొచ్చు గానీ మనిషికి రెండే నిమిషాలట. నేను తెలుగులో చెప్పాలి, శిరీష దాన్ని ఇంగ్లీషులో చెప్పాలి. మధ్యలోనే గంట కొట్టేశారు.

"అత్తయ్యా, టైం అయిపోయింది, రండి" అంది శిరీష.

"ఉండవే! ఈ ఒక్కటీ చెప్పు వాళ్లకి. మీరు గంట కొట్టేసరికి నా మాట నోట్లోనే ఉండిపోయింది. మా పిల్ల ముద్ద కూడా రోజూ ఇలాగే ఉండిపోతోంది."

చెప్పింది. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్ మాత్రం నవ్వలేదు. రేపు తనే పిల్లల పక్కన కూర్చుని ఆ పావుగంటలో తిని చూస్తానన్నాడు. తిన్నాకే టైం సంగతి తేలుస్తాడట.

అయితే బాక్స్ నేనే పంపిస్తానన్నాను. గబగబా మింగితే గొంతు దిగని వంట ఏదో ఇది చదివే మీరే చెప్పండమ్మా. శిరీష ఉప్మా అంటోంది. నా మనసు మాత్రం చల్లారిన జొన్నరొట్టె మీదే ఉంది.