కొత్తపట్నంలో మంచు

కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగమని చెబితే చాలు, అక్కడ కూర్చుని ఏం చేస్తున్నావని ఎవరూ అడగని కాలం ఒకటి ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ఆ గౌరవాన్నే తింటూ బతికాను. ఎమ్మెస్సీ జాగ్రఫీ చదివాను. దాంతో ఏ ఉద్యోగం వస్తుందో మా యూనివర్సిటీ వాళ్ళకీ తెలియదు, నాకూ తెలియదు. అందుకని గుంటూరులో ప్రోగ్రామింగు కూడా నేర్చుకుని, చివరికి అక్కడే బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటరు పై అంతస్తులో ఉన్న మ్యాపుల ఆఫీసులో చేరాను. కాగితం మ్యాపుల్ని స్కాన్ చేసి, వాటి మీద గీతలు దిద్ది, కంప్యూటరు మ్యాపులుగా మార్చడం మా పని. రోజూ పొద్దున్నే ప్రత్తిపాడులో బస్సెక్కి, పత్తి కుక్కిన బోరేల మధ్య నిలబడి (సీటు దొరికిన రోజున ఆఫీసులో అందరికీ చెప్పుకునేదాన్ని) గుంటూరు వచ్చేదాన్ని. మా యజమానిని మేము చాటుగా గ్లోబు గారు అనేవాళ్ళం. ఆయన బల్ల మీద ఒక గ్లోబు ఉండేది. దాని వెనక ఆయన తల ఉండేది. వెలుతురు సరిగా లేని రోజున ఏది ఏదో పోల్చుకోవడం కష్టం.

ఇక్కడ మీకు కాస్త పాఠం చెప్పక తప్పదు. గుండ్రంగా ఉన్న భూమిని చదునైన కాగితం మీదకి దించాలంటే ఎక్కడో సాగదీయాలి, ఎక్కడో నొక్కాలి. ఎక్కడ ఎంత అన్నది నిర్ణయించే పద్ధతిని ప్రొజెక్షన్ అంటారు. అలాంటి పద్ధతులు బోలెడు ఉన్నాయి. ధ్రువాలకు పనికొచ్చేది మన దగ్గర పనికిరాదు, అమెరికాకి నప్పింది ఆంధ్రాకి నప్పదు. మా ఆఫీసులో మాత్రం గ్లోబు గారు జాబితాలో ఏది పైన కనిపిస్తే అది నొక్కేవారు. ఒకసారి విత్తనాల వ్యాపారి ఒకాయన జిల్లా మ్యాపు చేయించుకున్నాడు. అది అమెరికా కోసం తయారైన పద్ధతిలో వచ్చింది. ఆయన మ్యాపుని ఇటు తిప్పి, అటు తిప్పి, తన తల కూడా వంచి చూసి, "ఏందండీ ఇది, మా గుంటూరు జిల్లా పక్కకి ఒరిగి పడుకుంది? ఒంట్లో బాలేదా?" అన్నాడు.

ఆ రోజే నా బుర్రలో పురుగు తొలిచింది. చోటు ఎక్కడో చెబితే, అంటే దాని అక్షాంశం, రేఖాంశం కొడితే, ఆ చోటికి తగిన పద్ధతి ఏదో కంప్యూటరే చెప్పే ప్రోగ్రాము రాస్తే? మధ్యాహ్నం భోజనం డబ్బా పది ముద్దల్లో ముగించి, కరెంటు ఉన్నంతసేపు రాసేదాన్ని. కరెంటు పోతే కాగితం మీద రాసేదాన్ని. ఎండలు ముదురుతున్నప్పుడు మొదలుపెట్టిన పని మా ఊళ్ళో మిరపనారు పోసేనాటికి పూర్తయింది. ఇంటికెళ్ళి గొప్పగా చెబితే, మా నాన్న అంతా విని, "అయితే ఏ పద్ధతిలో గీస్తే మన చేను ఇంకో అరెకరం పెరుగుద్దో అది చూడమ్మా ముందు" అన్నారు. (ఆయన పరిహాసమాడలేదు. మర్నాడు కూడా అడిగారు.)

ప్రోగ్రాము అడుగున చిన్న అక్షరాలతో 'రూపకల్పన' అని రాసి నా పేరు పెట్టుకున్నాను. ఎవరూ లేనప్పుడు దాన్ని తెరిచి, ఆ అడుగు వరస ఒక్కటే చదువుకుని మూసేసేదాన్ని. సిగ్గులేని ఆనందం అది.

అప్పుడే హైదరాబాదులో ఏదో కోర్సు ముగించుకుని గ్లోబు గారి మేనల్లుడు దిగాడు. "మావాడు కాస్త మెరుగులు దిద్దుతాడమ్మా" అని నా ప్రోగ్రామును అతని చేతికిచ్చారు. మెరుగులు మొదలయ్యాయి. మొదట తెర మీద ఒక గ్లోబు గిర్రున తిరగడం వచ్చింది, తర్వాత సంగీతం వచ్చింది. తప్పుడు అంకెలు కొట్టినవాళ్ళని ఆపడానికి నేను పెట్టిన హెచ్చరికలు పోయాయి. 'ఈ చోటు ధ్రువానికి దగ్గరగా ఉంది, సరిచూసుకోండి' అన్న హెచ్చరిక ఎందుకు తీసేశారని అడిగితే, "ధ్రువాలతో మనకేం పనండీ? యూజర్ని అన్ని ప్రశ్నలు అడగకూడదు" అన్నాడు. ఆఖరున 'రూపకల్పన' పక్కన నా పేరు పోయి అతని పేరు వచ్చింది.

ధైర్యం కూడగట్టుకుని గ్లోబు గారి దగ్గరికి వెళ్ళాను. "సార్, నా పేరు..." అన్నాను.

"పేరుదేముందమ్మా? మనమంతా ఒక కుటుంబం. రేపు నువ్వు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతే క్లయింటు ఎవరికి ఫోన్ చెయ్యాల?" అన్నారు ఎంతో ప్రేమగా. నేను తలూపాను. తలూపినందుకు నా మీద నాకు వచ్చిన కోపం ఆయన మీద వచ్చినదానికంటే ఎక్కువ. మా స్కానరు చూసుకునే అక్క (స్కానరక్క అనే పిలిచేవాళ్ళం) మాత్రం ఊరుకోలేదు. "కుటుంబమైతే మరి టిఫినుకి మేనల్లుణ్ణి ఒక్కణ్ణే ఎందుకు తీసుకుపోతాడే? మనం ఏం సవతి పిల్లలమా?" అంది, ఆయన వినేంత గట్టిగా.

కొన్నాళ్ళకి తీరప్రాంతపు మ్యాపుల పని ఇవ్వడానికి ఒక పెద్దమనిషి వస్తున్నారని తెలిసింది. ఆ పని వస్తే ఆఫీసు నిలబడుతుంది, రాకపోతే మూసేయడమేనని గ్లోబు గారే చెప్పారు. ఆయన వచ్చారు. మితభాషి. మేనల్లుడు ఇస్త్రీ చొక్కాతో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. గ్లోబు తిరిగింది, సంగీతం మోగింది. పెద్దమనిషి అది ఆగేదాకా ఓపిగ్గా ఉండి, "మాకు కొత్తపట్నం తీరం కావాలండీ. దానికేం చెబుతుందో చూడండి" అన్నారు.

మేనల్లుడు చకచకా అంకెలు కొట్టాడు. కొత్తపట్నం అక్షాంశం పదిహేను చిల్లర, రేఖాంశం ఎనభై చిల్లర. అతను అక్షాంశం అడిగిన చోట ఎనభై కొట్టి, రేఖాంశం దగ్గర పదిహేను కొట్టాడు. తెర మీద ఉత్తర ధ్రువం దగ్గర తెల్లటి మంచులో ఒక ఎర్రచుక్క వెలిగింది. కింద 'ధ్రువ ప్రాంతాలకు తగిన పద్ధతి వాడండి' అని వచ్చింది.

"కొత్తపట్నంలో మంచు ఎప్పట్నుంచి కురుస్తోందండీ?" అన్నారు పెద్దమనిషి.

గ్లోబు గారు తల తుడుచుకున్నారు. చెయ్యి చాచి నన్ను చూపించారు. "అదుగోనండీ, ఆ మూల కూర్చుందే, ఆ అమ్మాయి. ప్రోగ్రామంతా ఆవిడే రాసింది. మొదట్నుంచీ చివరిదాకా ఆవిడే. మావాడు రంగులేశాడంతే."

అన్నాళ్ళూ నేను వినాలని తపించిన మాటలు అక్షరం పొల్లుపోకుండా అవే. వేరే సందర్భంలోనైతే ఏడ్చేసేదాన్నేమో. లేచి వెళ్ళి తెర చూశాను. "సార్, అంకెలు తారుమారయ్యాయి" అని, వాటిని సరిచేసి కొట్టాను. చుక్క ఒంగోలు పక్కకి, సముద్రపు ఒడ్డుకి వచ్చి నిలబడింది. ఉత్తర దక్షిణాలుగా సన్నగా సాగే తీరానికి తగిన పద్ధతి పేరు కింద కనిపించింది.

పెద్దమనిషి మొదటిసారి నవ్వారు. "అంటే ఇందాక కూడా తప్పు చెప్పలేదన్నమాట. ధ్రువం దగ్గర చోటు అడిగితే ధ్రువానికి తగిందే చెప్పింది. బాగుందండీ, చాలా బాగుంది. ఎవరు రాశారన్నారు?"

నేను నోరు తెరిచాను.

"మావాడేనండీ!" అన్నారు గ్లోబు గారు. "ఎవరైనా అంకెలు తిరగేసి కొడితే ఏమవుద్దో మీకు చూపిద్దామని కావాలనే అట్టా కొట్టాడు. అమ్మాయి కూడా పక్కనుండి సాయం చేసింది." మేనల్లుడు వినయంగా తల వంచుకున్నాడు. స్కానరక్క స్కానరు మూత ఎంత గట్టిగా వేసిందంటే, కింద కోచింగ్ సెంటరులో లెక్కలు చెప్పే మాష్టారి గొంతు ఒక్క క్షణం ఆగిపోయింది. పెద్దమనిషి నా వైపు ఒకసారి చూశారు, తర్వాత గడియారం చూసుకున్నారు, పని మాకే ఇచ్చి వెళ్ళిపోయారు.

ఆ ప్రోగ్రామును సీడీలో వేసుకుని మేనల్లుడు హైదరాబాదులో పెద్ద ఉద్యోగం సంపాదించాడు. గుంటూరులో ఆ పని దొరికే చోటు ఇంకోటి లేక నేను మరో ఏడాది అక్కడే గీతలు దిద్ది, ఆ తర్వాత బడిలో సాంఘికశాస్త్రం చెప్పడానికి వెళ్ళిపోయాను. కోపం పోయిందని రాస్తే ఈ వ్యాసానికి అందంగా ఉంటుందని తెలుసు. పోలేదు.

తీరం పని మాకు దొరికిన ఆ సాయంత్రం గ్లోబు గారు మైసూరుపాకు తెప్పించి తలా ఒక ముక్క పంచారు. నా దగ్గర ఆగి, "తీసుకోమ్మా, ఇందులో నీ కష్టం కూడా ఉంది" అన్నారు. అప్పటికి నా మనసులో ఒక ప్రసంగం సిద్ధంగా ఉంది. న్యాయం, శ్రమ, ఆడపిల్ల, అన్నీ ఉన్నాయి అందులో. అది గొంతు దాకా వచ్చింది. నేను నోరు తెరిచి, "థాంక్సండీ" అన్నాను. అని, ఆయన కళ్ళలోకి సూటిగా చూస్తూ, రెండో ముక్క కూడా తీసుకున్నాను. ఆయన గమనించనైనా లేదు. బస్సులో నిలబడి, ఎంత దెబ్బ కొట్టానో కదా అని పొంగిపోతూ, ప్రత్తిపాడు వచ్చేదాకా ఆ రెండో ముక్కని కొంచెం కొంచెంగా కొరుక్కు తిన్న ఆ పిల్లని తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. పెట్టె మొత్తం లాక్కుని ఉండాల్సింది, పిచ్చి మొహం.