సమాధిరాయి మీద నా చేతిరాత

శుక్రవారం పొద్దున్న బహ్రెయిన్‌లో, తుబ్లీలోని మా గది ముందు కూర్చుని ఉల్లిపాయలు తరుగుతుంటే ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది. పంపింది ఇంగ్లండులో ఉండే మా పాత మేడమ్ గారి మేనల్లుడు. పచ్చగడ్డి, వెనకాల చర్చి గోడ, ముందు నాచు గీకి శుభ్రం చేసిన ఒక సమాధిరాయి. రాయి మీద సగం అరిగిపోయిన ఇంగ్లీషు అక్షరాలు, వాటి కింద కొత్తగా చెక్కిన ఒకే ఒక్క తెలుగు మాట: నూకరత్నం. చివర్లో 'త' కింద వత్తు కాస్త పక్కకి ఒరిగిపోయి ఉంది. చిన్నప్పుడు మా తెలుగు మేష్టారు బెత్తం విరిగేలా కొట్టినా దారికి రాని వత్తు అది. అంటే నేను కాగితం మీద రాసిచ్చినదాన్ని ఆ చెక్కినాయన వంకరతో సహా దించేశాడన్నమాట. చేతిలో ఉల్లిపాయలు ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఎందుకేడుస్తున్నావని పక్క గదివాళ్ళకి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చేది. ఆ సమాధిలో ఉన్నావిడ పేరు నూకరత్నం కాదు. ఆవిడకి కన్నతల్లి పెట్టిన పేరేమిటో ఈ భూమి మీద ఎవరికీ తెలీదు. ఇకమీదట తెలియకుండా చేసినదాన్ని నేను.

మా మేడమ్ గారిది జల్లాఖ్‌లో సముద్రం వైపు ఇల్లు. ఇంగ్లీషావిడ, ఎనభై దాటిన మనిషి. భర్త ఇక్కడ చమురు ఇంజనీరుగా చేసి ఇక్కడే పోయారు. పిల్లలు లేరు. స్వదేశం వెళ్ళిపొమ్మని అందరూ చెప్పినా, అక్కడి చలికి తన మోకాళ్ళు ఒప్పుకోవని ఇక్కడే ఉండిపోయింది. టీ పెట్టించుకుని, అది చల్లారి మీగడ కట్టేదాకా పక్కన ఉంచుకుని, అప్పుడు తాగేది. కరివేపాకు వేస్తే ఒక్కొక్క రెబ్బా ఏరి పళ్ళెం అంచున వరసగా పేర్చేది, నన్ను నేరస్థురాల్ని చూసినట్టు చూసేది. అయినా కసురుకున్న మనిషి కాదు. ఆవిడకి ఉన్న ఒకే ఒక్క పిచ్చి పూర్వీకులు. ముందుగది గోడ నిండా కాగితాలు, పాత ఫోటోలు, వాటి మధ్య ఎర్రదారాలు. పెళ్ళిళ్ళ పేరయ్య ఇల్లయినా అంత దారుణంగా ఉండదు. నా డ్యూటీలో సగం వాళ్ళ వంశానికి దుమ్ము దులపడమే. నాకు మా తాత పేరు దాటితే తెలీదు, ఈవిడ అమ్మమ్మకి అమ్మమ్మ కోసం పదేళ్ళుగా వెతుకుతోంది!

ఒకరోజు టీ తీసుకెళ్తుంటే ఆవిడ ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ 'కోరంగి' అంది. నేను ట్రే బల్ల మీద పెట్టేశాను. మా ఊరి నుంచి కోరంగి సైకిలు మీద అరగంట. ఆ మాట చెప్పగానే ఆవిడ లేచి నా రెండు చేతులూ పట్టేసుకుంది. ఆ రోజుతో నేను పనిమనిషి హోదా నుంచి సాక్షి హోదాకి ఎదిగాను, గిన్నెలు మాత్రం నేనే తోముకున్నాను. రోజూ సాయంత్రం కాసేపు కుర్చీ వేసి కూర్చోబెట్టి ఆవిడ చెప్పేది, నేను వినేదాన్ని. అలా విన్నదే ఈ కథ.

రెండొందల ఏళ్ళ కిందట కోరంగి రేవులో ఒక ఆంగ్లో ఇండియన్ వర్తకుడు ఉండేవాడట. బట్టలూ నీలిమందూ ఓడలకెక్కించేవాడు. ఇంట్లో ఒక తెలుగావిడని ఉంచుకున్నాడు. పెళ్ళీ లేదు, పేరంటమూ లేదు. ఒక ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకి ఆరేళ్ళు రాగానే, తిరిగి వెళ్తున్న ఒక ఓడ కెప్టెన్ భార్యకి అప్పగించి ఇంగ్లండు పంపేశాడు. తన ఇంటిపేరు ఇవ్వడానికి మనసు రాలేదేమో, ఆ కెప్టెన్ ఇంటిపేరే తగిలించాడు. అక్కడ చర్చిలో నీళ్ళు చల్లి ఇంగ్లీషు పేరు పెట్టారు. పిల్ల ఒక సముద్రపు ఊళ్ళో ఎవరింట్లోనో పెరిగింది, కుట్టుపని నేర్చుకుంది, గోడగడియారాలు బాగుచేసే ఆయన్ని పెళ్ళాడింది, నలుగుర్ని కంది, అక్కడే పోయింది. ఆ పిల్లే మేడమ్ అమ్మమ్మకి అమ్మమ్మ. పదేళ్ళకోసారి జనాభా లెక్కలవాళ్ళు వచ్చి ఎక్కడ పుట్టావని అడిగితే, మొదటిసారి ఇండియా అని చెప్పింది. తరవాతిసారి సముద్రం మీద అంది. ఆ తరవాత తెలీదంది. చివరిసారి, తాను కాపురం ఉంటున్న ఆ ఊరి పేరే చెప్పేసింది. ఆ నాలుగు కాగితాలూ మేడమ్ గోడ మీద వరసగా ఉండేవి. వాటికి మాత్రం గుడ్డ మెల్లగా ఆనించి దుమ్ము దులిపేదాన్ని.

వర్తకుడు పోతూ రాసిన వీలునామా నకలు కూడా దొరికింది. అందులో ఆయన తన గుర్రాన్ని ఫలానా స్నేహితుడికి ఇమ్మని, గుర్రం పేరు రాశాడు. కుక్క పేరు రాశాడు. ఆ తెలుగావిడ గురించి మాత్రం 'నా ఇంట్లో ఉండే స్థానిక స్త్రీ' అని ఊరుకున్నాడు. "గుర్రానికి పేరుంది, మా ముత్తవ్వని కన్నతల్లికి లేదు" అని మేడమ్ ఎన్నిసార్లు అందో లెక్కలేదు. కోరంగి చర్చి కాగితాలు ఉప్పెనలో కొట్టుకుపోయాయట. ఇక ఎక్కడా ఏమీ మిగల్లేదు. మేడమ్‌కి కావలసింది ఒక్కటే: ఓడ ఎక్కకముందు ఆ పిల్లని కన్నతల్లి ఏమని పిలిచేదో ఆ పేరు. చచ్చేలోగా ఆ ఒక్క పేరు తెలిస్తే చాలనేది.

ఒకనాడు ఆవిడ ఒక చిన్న పెట్టె తెరిచి, పత్తిలో చుట్టిన వెండి గొట్టం చూపించింది. చిటికెనవేలంత ఉంది, రెండు చివరలా లక్కతో మూసేసి ఉంది. కుట్టుపని ఆవిడ కదా, సూదులు దాచుకునేదని వాళ్ళ వంశమంతా అనుకుంటూ వచ్చారట. ఆ పూట మేడమ్‌ని ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి వచ్చిన డ్రైవర్ భాయ్ కూడా అక్కడే ఉన్నాడు. నిజామాబాద్ మనిషి, అన్నీ తనకే తెలుసంటాడు. "అక్కా, గిది తావీజ్. లోపట కాయితం మీద దువా రాసి పెడ్తరు. మా అమ్మీ నాకు గిసోంటిదే కట్టింది" అన్నాడు.

"నీ మొహం భాయ్! ఇది మొలతాడుకి కట్టేది. చెవికి పెట్టుకుని ఆడించి చూడు" అన్నాను.

అతను ఆడించి చూసి, "కాయితం గాదు, గట్టిగ ఏందో కదుల్తుంది" అని నా వైపు తెల్లబోయి చూశాడు.

అది బొడ్డు తాయెత్తు. పసిపిల్లకి బొడ్డూడితే, ఆ ఎండిన ముక్కని వెండి తాయెత్తులో పెట్టి మొలకి కడతాం. జబ్బు చేసినా, జడుసుకున్నా తల్లిపేగే కాపాడుతుందని నమ్మకం. నాకు కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది, అలాంటిదొకటి నా పౌడరు డబ్బాలో ఉంది మరి. కానీ నా ఇంగ్లీషులో బొడ్డుకి మాట లేదు. కడుపు మీద వేలు పెట్టి, రెండు వేళ్ళతో కత్తిరించినట్టు ఆడించి, గొట్టం చూపించాను. నాకు కడుపునొప్పి వచ్చిందనుకుని మేడమ్ మందు వెతకబోయింది. చివరికి భాయ్ చెప్పాడు. ఆవిడ గొట్టాన్ని నా చేతిలోంచి తీసుకుంది. ఆ ముత్తవ్వ ముసలితనంలో కూడా భయం వేస్తే నడుం తడుముకునేదని, ఎందుకో ఎవరికీ తెలీదని, మేడమ్ వాళ్ళ అమ్మ చెప్పేదట. "ఇన్నాళ్ళూ ఆ తల్లి పిల్లని వదిలేసిందనుకున్నాను. వదిలేసే మనిషి ఇది కట్టి పంపదు" అని నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నా ఏడుపు నాదిలెండి.

అక్కడితో నేను నోరు మూసుకుని ఉన్నా, ఆవిడ ఆ మాట మేనల్లుడికి చెప్పకుండా ఉన్నా బాగుండేది. అతను వచ్చాడు. మంచివాడే, చదువుకున్నవాడు. ఆ ముక్కని పరీక్ష చేయిస్తే తల్లి తరఫు చుట్టాలు బయటపడొచ్చన్నాడు. తాయెత్తు విప్పకూడదు మేడమ్ అని మొత్తుకున్నాను. ఆవిడ ఆశపడింది. ఆశ ఎంతటివాళ్ళనైనా లొంగదీస్తుంది. రెండు నెలలకి జవాబొచ్చింది: మరీ పాతది, ఏమీ తేలలేదు, పరీక్షలోనే అయిపోయింది. గొట్టం మాత్రం పోస్టులో తిరిగొచ్చింది, రెండు వైపులా తెరుచుకుని, ఖాళీగా. కంటికి దూరబీను పెట్టుకున్నట్టు మేడమ్ దాన్ని పట్టుకుని అందులోంచి కిటికీ వైపు చూసింది. అవతల సముద్రం తప్ప ఏం కనిపిస్తుంది! ఆ రోజు నుంచి ఆవిడ మంచం దిగలేదు. తిండి తగ్గింది. కరివేపాకు వేసినా ఏరడం మానేసింది. "మీ ఊళ్ళో పెద్దవాళ్ళని అడుగు, ఏదో ఒక కథ మిగిలే ఉంటుంది. పేరు, ఒక్క పేరు" అని రోజూ నన్ను బతిమాలేది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. మేడమ్‌కి ఎప్పుడూ చెప్పలేదు. నా కూతురికి ఆరేళ్ళప్పుడు నేను బహ్రెయిన్ వచ్చాను. మా ఆయన అప్పటికే వేరే దారి చూసుకున్నాడు, పిల్లని మా పెద్దమ్మ దగ్గర వదిలాను. మొదట చేసింది హమద్ టౌన్‌లో ఒక ఇంట్లో. మూడేళ్ళకి పిల్లకి జ్వరం ముదిరిందని కబురొచ్చింది. నా పాస్‌పోర్టు నన్ను పనిలో పెట్టుకున్న కఫీల్ బీరువాలో ఉంది, ఆయన ఊళ్ళో లేడు. ఆయన వచ్చి, బీరువా తీసి, టికెట్టు దొరికి, నేను ఊరు చేరేసరికి అన్నీ అయిపోయాయి. చిన్నపిల్లలకి మాలో సమాధులు కట్టరు. ఏటిగట్టున మట్టి చదును చేసేశారు. నేను పిడికెడు బంతిపూలు పట్టుకుని ఎక్కడ వెయ్యాలో తెలియక గట్టంతా తిరిగాను. మరుసటి వానలకి ఆ చోటు కూడా ఏట్లో కలిసిపోయింది. ఇక నాకు అక్కడేం పని? తిరిగొచ్చేశాను.

మేడమ్ పోరు పడలేక పెద్దమ్మకి ఫోన్ చేశాను. తొంభై ఏళ్ళ మనిషి, చెవులు పనిచెయ్యవు, నోరు పనిచేస్తుంది. సంగతంతా అరిచి అరిచి చెప్పాను.

"నీకేమన్నా మతి పోయిందేంటే అమ్మాయ్?" అంది. "రెండొందలేళ్ళ నాటి పిల్ల పేరు నన్నడుగుతావా? నీ పిల్ల పేరే ఇక్కడ ఎవరికీ గుర్తు లేదు కదే! బహరేను మనిషి కూతురు, పోయింది పాపం, అంటారంతే. ఆ ముసలావిణ్ణి కాస్త గంజి తాగి పడుకోమను."

ఫోన్ పెట్టేశాను. పెద్దమ్మ కావాలని అనలేదు, ఆవిడ నోరే అంత. కానీ ఆ మాట నన్ను నిలువునా చీల్చేసింది. నా పిల్లకీ పేరు లేకుండా పోయింది. బహరేను మనిషి కూతురు! నేను తిన్నగా మేడమ్ గదిలోకి వెళ్ళాను. ఏం చెప్పాలో ఆలోచించుకుని వెళ్ళలేదు. నోట్లోంచి వచ్చేసింది.

"మా పెద్దమ్మ చెప్పింది మేడమ్. మా వైపు ఇప్పటికీ ఆ కథ చెప్పుకుంటారట. ఓడెక్కిన ఆ పిల్ల పేరు నూకరత్నం."

ఆవిడ లేచి కూర్చుంది. నాలుగైదుసార్లు నోరు తిప్పుకుని, తడబడి, చివరికి సరిగ్గా పలికింది. నా కూతురు పోయాక ఆ పేరు మరొకరి నోట వినడం అదే మొదటిసారి. తప్పు చేశానని ఆ నిమిషమే తెలుసు, అయినా ఇంకొకసారి అనమని అడిగాను. ఆవిడ అంది. కాగితం, కలం తెప్పించి మీ అక్షరాల్లో రాయమంది. రాసిచ్చాను. ఆ పూట ఆకలేస్తోందంది, పెరుగన్నం తింది. తరవాత నెల రోజులు బతికింది. నిద్రలో కూడా ఆ పేరే కలవరించేది. పక్కన కూర్చుని ఊఁ కొట్టేదాన్ని.

నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇవాళ కాదు రేపు, కాస్త తేరుకున్నాక, అనుకుంటూ ఉండగానే ఒక మధ్యాహ్నం టీ మీగడ కట్టింది గానీ ఆవిడ తాగలేదు. జల్లాఖ్ ఇల్లు ఖాళీ చేశారు. గోడ మీది కాగితాలన్నీ మేనల్లుడు జాగ్రత్తగా విప్పి పట్టుకెళ్ళాడు, నా చేతిరాతతో సహా. నేను తుబ్లీ వచ్చి బట్టలు ఇస్త్రీ చేసే పనిలో చేరాను. ఆ కాగితం ఏ అట్టపెట్టెలోనో పడి ఉంటుందనుకున్నాను. రాయి మీదికి ఎక్కుతుందని కలలో కూడా అనుకోలేదు.

ఫోటో కింద మేనల్లుడు రాసిన నాలుగు ముక్కలు భాయ్‌కి పంపి, ఫోన్ చేసి చదివించుకున్నాను. అత్త కోరిక తీర్చాడట. వంశవృక్షంలో, ఇంటర్నెట్లో, అన్నిచోట్లా ఆ పేరు ఎక్కించాడట. "మీ వల్ల మా అమ్మమ్మల పేరు మాకు దొరికింది" అని రాశాడు. ఇప్పుడు నిజం చెప్పాలంటే నా పిల్ల పేరు ఆ రాయి మీంచి చెరిపెయ్యమని నేనే అడగాలి. పిల్లకి ఈ లోకంలో ఉన్నది ఆ ఒక్క రాయి. పొద్దుట్నుంచీ మూడుసార్లు ఫోన్ తీశాను, మూడుసార్లూ పక్కన పెట్టేశాను. అడగను. నాకు తెలుసు, నేను అడగను.

కోరంగిలో ఒక తల్లి తన పిల్ల మొలకి తాయెత్తు కట్టి, ఆఖరిసారి ఏదో ఒక పేరు పెట్టి పిలిచే ఉంటుంది. ఆ పేరు ఏమిటని ఇక మీదట ఎవరూ వెతకరు, దొరికిందనుకుంటారు. రెండొందల ఏళ్ళు పోయినా మిగిలి ఉన్న ఆ ఒక్క దారికి అడ్డంగా నా కూతుర్ని నేనే తీసుకెళ్ళి పడుకోబెట్టాను.