మా కారులో ఆగని గంట

మా వారు కొబ్బరి వ్యాపారం మీద రోజూ అమలాపురం నుంచి రావులపాలెం వెళ్ళొచ్చేవారు. రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్ళకి స్కూటరు అమ్మేసి కారు కొన్నారు. కొన్న రెండో రోజు నుంచీ అందులో ఒక గంట మొదలైంది. డ్రైవరు సీటు బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట అది. ఆయన పెట్టుకునే ఉన్నారు. అయినా టింగ్ టింగ్ అంటూ మోగుతూనే ఉంది, ఎదురుగా ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు. ఏది మొరాయించినా దాని కడుపులో ఏముందో చూడాలి. గడియారం, మిక్సీ, ఇస్త్రీ పెట్టె, అన్నీ నా చేతిలో విడిపోయినవే. అన్నీ మళ్ళీ అతుక్కున్నాయని మాత్రం చెప్పను.

పదో రోజు పొద్దున్న మా వారు మెకానిక్‌ని ఇంటికి పిలిపించారు. అతను స్టీరింగు కింద తల దూర్చి, రెండు నిమిషాల్లో బయటికి తీశాడు.

"సెన్సారు పోయిందండి. సాయంత్రం పనిముట్లు తెచ్చి వైరు కోసేస్తానండి. గొడవ వదిలిపోద్ది."

"ఆయ్, కోసేయవయ్యా. చెవులు చిల్లులు పడిపోతన్నాయి," అన్నారు మా వారు.

"కోసేస్తే, బెల్టు సరిగ్గా పడనప్పుడు ఎలా తెలుస్తుందండీ?" అని అడిగాను.

"పెట్టుకున్నామో లేదో మనకి తెలీదేంటండి?" అని నవ్వేసి వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆయన రోజూ వెళ్ళేది కాలవ గట్టు రోడ్డు మీద, ఎదురుగా వచ్చేవి లోడు లారీలు. గంట చెప్పేది నిజమో అబద్ధమో సాయంత్రం లోపల తేలాలి.

భోంచేసి ఆయన నడుం వాల్చగానే తాళాలు తీసుకెళ్ళి కారులో తాళం తిప్పాను, గంట మొదలైంది. బెల్టు మెలికపడిందేమో అని చూశాను, లేదు. గట్టిగా లాగితే బిగుసుకుపోయింది, నెమ్మదిగా లాగితే వచ్చింది. అది దాని స్వభావమేనని నాలుగుసార్లు లాగాక అర్థమైంది. సీటు కింద వైరు వదులైందేమో అని నొక్కాను. గంట ఆగలేదు. అప్పుడు పక్క సీటు బెల్టు పెట్టి చూశాను. బెల్టు చివరి ఇనుప బిళ్ళ బకిల్‌లోకి దిగుతూ టక్‌మంది. మళ్ళీ ఇటొచ్చి డ్రైవరు బెల్టు పెట్టాను. ఏ చప్పుడూ లేదు, మెత్తగా దిగింది. పట్టుకుని ఒక్క లాగు లాగాను. బిళ్ళ ఊడి చేతిలోకి వచ్చేసింది.

టార్చి వేస్తే బకిల్ అడుగున పచ్చగా నాలుగైదు గింజలు. అక్షింతలు. కారు కొన్న మర్నాడు ఐనవిల్లి గుడిలో పూజ చేయించాం. స్టీరింగు ముందు కూర్చున్న కొడుకు మీద అత్తగారు గుప్పెడు అక్షింతలు పోసి దీవించారు. అవి నెత్తి మీంచి ఒళ్ళోకి, ఒళ్ళోంచి నడుం పక్కకి జారి అక్కడ చేరాయి. బిళ్ళని పూర్తిగా దిగనివ్వడం లేదు.

పిన్నీసుతో కదిపి, సైకిలు పంపుతో గాలి కొట్టాను. గింజలన్నీ బయటికి ఎగిరాయి. ఈసారి టక్‌మంది. గంట ఆగింది.

సంబరపడాల్సిందాన్ని, లోపలికి పరిగెత్తాను. ఆయన్ని లేపి తీసుకొచ్చి జరిగింది చెప్పాను. కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. రెండు చేతులా లాగి చూశారు. ఊడలేదు.

"అయితే ఇన్నాళ్ళూ ఉత్తినే ఆనించుకుని తిరిగేనా?" అన్నారు. బెల్టు మీంచి చెయ్యి తీయకుండానే, "సోమవారం లారీ మీదికొచ్చేసింది. సడెన్ బ్రేకు వేసేను. నీతో చెప్పలేదు," అన్నారు.

అరుగు మీంచి అత్తగారు, "గంట ఆగిందా అమ్మాయ్? ఏం పడిందంట అందులో?" అని కేకేశారు.

"దుమ్మండి, అత్తయ్యగారూ," అన్నాను.

మా వారు సీటు మీద పడ్డ గింజల్ని ఏరి జేబులో వేసుకున్నారు. బెల్టు సంగతి ముందే చూసుకోవద్దా అని ఆయన్ని నాలుగు చీవాట్లు పెడదామని నోటిదాకా వచ్చింది. పెట్టలేకపోయాను. గంట వినలేకపోతున్నానని ఆయన విసుక్కుంటే, పాటల సౌండు పెంచుకోమని చెప్పింది నేనే.