దర్గా వేపకొమ్మ

పదకొండేళ్లుగా ఈ మాట నా గొంతు దాటలేదు. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను. చదువుతూ మధ్యలో లేచిపోకండి.

ఓర్వకల్లు దగ్గర రాళ్లగుట్టల కింద నాకు చిన్న తోట ఉంది. కర్నూల్లో గుమాస్తా ఉద్యోగం, ఆదివారాలు మాత్రం ఆ తోటలో. అక్కడ ఒక పందిరి వేయాలని పట్టుబట్టాను. చిత్రిక పట్టని కొమ్మలతో, వాటి వంకర వాటికి ఉండగానే, మేకులు లేకుండా తాళ్లతో కట్టిన పందిరి. చూడండి ఏం కడతానో అని ఆఫీసంతా డప్పు కొట్టుకున్నాను. మూడు గుంజలు కుదిరాయి. ముందరి గుంజ కుదరలేదు. దూలం కూర్చోవడానికి దానికి మంచి పంగ కావాలి. తుమ్మలు చూశాను, చింతలు చూశాను. ఎక్కడా నచ్చలేదు.

నచ్చింది ఒక్కచోటే. గుట్ట మీది చిన్న దర్గా పక్కన, వేపచెట్టుకు. ఆ చెట్టు పుల్ల ఎవరూ విరవరు, పళ్లు తోముకోవడానికి కూడా. ఏ మతం ఆడవాళ్లైనా బిడ్డల కోసం వచ్చి దానికి దారాలు కడతారు. నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు. మిట్టమధ్యాహ్నం, ఎండకు కాకి కూడా తిరగని వేళ, ఎక్కి నరికాను. గోనెపట్టా చుట్టి, బండి వెనక కట్టుకుని తెచ్చాను.

బెరడు ఒలిచేస్తే ఎవరూ గుర్తుపట్టరనుకున్నాను. ఒలుస్తుంటే కత్తికి ఏదో తట్టుకుంది. దారం. ఎర్రది. ఎవరో ఎప్పుడో కట్టి వెళ్తే, చెట్టు దానిమీద బెరడు పెంచుకుంది. నా చెయ్యి ఎక్కడిదక్కడ ఆగిపోయింది. అయ్యో, ఏ తల్లి కట్టిందో! బిడ్డ పుట్టిందో లేదో! అప్పుడైనా లేచివెళ్లి చెప్పాలి కదా? నేను చేసిందేమిటో తెలుసా? రంపపు పొట్టులో జిగురు కలిపి, దారం మీదుగానే ఆ గాడి పూడ్చేశాను. ఛీ.

శుక్రవారం దర్గా ముందు ఊరు కూడింది. కబురు తెలిసి, సెలవు పెట్టి నేనూ వెళ్లాను. నరికిన చోటు చూసి ఆడవాళ్లు ఏడ్చారు. ఆ గుట్ట మీద మేకలకు కొమ్మలు కోసేది ఒక్కడే, మద్దిలేటి. చేతిలో దోటి ఉండనే ఉంది. పిల్లల మీద ఒట్టు వేసి మొత్తుకున్నాడు, ఎవరూ వినలేదు. ఇక అతను గుట్టెక్కకూడదు, మేకలు తోలకూడదు అన్నారు. ఆ తీర్పు కాగితం మీద రాయమని నా చేతికే ఇచ్చారు, నా చేతిరాత బాగుంటుందని. నోరు తెరిచి ఒక్క మాట అంటే ఆగిపోయే పనికి, అందరూ చూస్తుండగా కలం మూత తీసి, 'దర్గా చెట్టు కొమ్మను మద్దిలేటి నరికినందున' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కింద గీత కూడా గీసి ఇచ్చాను. అది చేసింది నేనేనా? ఇప్పటికీ నమ్మలేను.

మేపు లేక రెండు నెలల్లో మద్దిలేటి మేకలన్నీ అమ్ముకున్నాడు. కూలికి తిరుగుతూ ఒక ఆదివారం మా తోటకే వచ్చాడు. పందిరి మీద బోదగడ్డి కప్పే పని ఉంది. నిచ్చెన చూపించాను. నిచ్చెన ఎక్కబోతూ ముందరి గుంజ మీద చెయ్యి వేసి ఆగాడు.

“ఈ గుంజ యాడ దొరికింది సారూ?”

“కర్నూల్లో, కట్టెల అడితిలో.”

పూడ్చిన గాడి మీద బొటనవేలు పెట్టి రుద్దాడు.

“శానా బాగుండాది సారూ. దీని నీడన్నే మా మేకలు పండుకుంటాండె.”

అరుస్తాడనుకున్నాను. చొక్కా పట్టుకుంటాడనుకున్నాను. పట్టుకుని ఉంటే బతికిపోయేవాణ్ణి. అతను పైకెక్కి, సాయంత్రం దాకా, ఒక్క చినుకు కారకుండా బోద కప్పాడు. పోతూ తాగడానికి నీళ్లడిగాడు. ఎందుకు ఎవరికీ చెప్పలేదు? చెప్పినా నమ్మరనా? కాగితం రాసిన సారు ముందు మేకలవాడి మాట ఎవరు వింటారని అతనికి నాకంటే ముందే తెలుసేమో.

ఇప్పుడు గుట్టల మీదుగా విమానాలు పోతుంటాయి. చుట్టాలు వచ్చి ఆ పందిరి కింద ఫోటోలు దిగుతారు. ఎదురుపడితే మద్దిలేటి “బాగుండారా సారూ” అంటాడు. తల ఊపుతాను. అతనికి ఇంకా చెప్పలేదు. ఊరికీ చెప్పలేదు. ఆ ధైర్యం వస్తుందని మీకు మాట ఇవ్వలేను.

మొన్న ఆదివారం గాడిలో పూడ్చిన పొట్టు ఎండి రాలిపోయింది. లోపల దారం ఇంకా ఎర్రగానే ఉంది. అందుకే ఈ కాగితం తీశాను.

దర్గా చెట్టు కొమ్మను నరికింది నేను. మద్దిలేటి కాదు.

ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆ రెండు వాక్యాలూ వంకరటింకరగా వచ్చాయి. మళ్లీ దిద్ది సాపు రాయను.